నాన్న ఊరెళ్ళలేదు

(దుఃఖంలో ఉన్న పిల్లలతో ఎలా మెలగాలి?)

కఠోపనిషత్తులో నచికేతుడనే కుర్రవాడి కథ మనలో చాలామందికి తెలిసిందే. తండ్రి కోపంలో అన్న మాట పట్టుకుని యముడి ఇంటికి పోయి, మూడు రాత్రులు అన్నపానాలు లేకుండా గడిపాడు. అతిథిని పస్తుపెట్టిన దోషానికి పరిహారంగా యముడు మూడు వరాలిస్తానన్నాడు. మూడో వరంగా ఆ పిల్లవాడు అడిగింది ఒకటే: మనిషి చచ్చిపోయాక ఏమవుతాడు? యముడంతటివాడు కూడా ఆ ప్రశ్న దగ్గర వెనకాడాడు. ఏనుగులిస్తాను, గుర్రాలిస్తాను, బంగారమిస్తాను, నూరేళ్ళు బతికే కొడుకుల్నీ మనవల్నీ ఇస్తాను, ఇదొక్కటీ అడగొద్దన్నాడు. పిల్లవాడు వినలేదు. చివరకు యముడికి చెప్పక తప్పలేదు.

ఈ కథలోని వేదాంతం సంగతి పెద్దలు చూసుకుంటారు. నాకు మాత్రం ఇందులో మన ఇళ్ళు కనిపిస్తాయి. ఇంట్లో చావు జరిగినప్పుడు చిన్నపిల్లలు అడిగేదీ ఆ ప్రశ్నే. మనం చేసేదీ యముడు మొదట చేసిందే. చాక్లెట్ ఇస్తాం, సెల్‌ఫోన్ చేతిలో పెడతాం, మేనమామ ఇంటికి పంపేస్తాం. తేడా ఏమిటంటే యముడు చివరికి జవాబు చెప్పాడు. మనం చెప్పం.

మన యూనియన్ సంచికకు ఏదైనా సరదా వ్యాసం రాసిమ్మని మిత్రులు అడిగారు. ఇది సరదా విషయం కాదు. కాని మనలో ప్రతివారికీ ఇంటిదగ్గర ఒక తమ్ముడో, చెల్లెలో, అక్కకొడుకో ఉంటారు. హాస్టల్లో పక్కమంచం మీద ఒక స్నేహితుడుంటాడు. ఎప్పుడో ఒకనాడు ఈ అవసరం మనకు పడి తీరుతుంది. ఆనాడు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తెలియక ఏం చేశానో ముందు చెప్పి, తర్వాత మనస్తత్వశాస్త్రం చదువుకుంటూ తెలుసుకున్నది చెబుతాను.

మా ఇంట్లో జరిగింది

2021 మే నెలలో, కరోనా రెండో ఉధృతిలో మా నాన్న పోయారు. రైసుమిల్లులో గుమాస్తా. ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నారు. ఇంటికి తీసుకురానివ్వలేదు. కవరు చుట్టిన నాన్నను దూరంనుంచి చూసి, నేను, మరో నలుగురు కలిసి కార్యక్రమం అయిందనిపించాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, డిగ్రీ మొదటి సంవత్సరం. మా తమ్ముడికి ఏడేళ్ళు. నాన్నకు జ్వరం వచ్చిన రోజునే వాణ్ణి పక్క ఊళ్ళో మావయ్యగారింటికి పంపేశాం.

"చిన్నవాడికి ఇప్పుడే చెప్పకండర్రా, బెంగపెట్టుకుంటాడు" అంది అమ్మమ్మ. అందరం సరేనన్నాం. "నాన్న పనిమీద హైదరాబాదు వెళ్ళాడు, లాక్‌డౌన్ అయ్యాక వస్తాడు" అని వాడికి ఫోన్లో చెప్పింది నేనే. వాడు నమ్మాడు. నాన్నకి చూపించడానికి ఏవో బొమ్మలు గీసి దాచుకుంటున్నాడని అత్తయ్య చెప్పింది. ఇరవై రోజులు అలా గడిచాయి.

ఇరవై ఒకటోరోజు వీధిలో క్రికెట్ ఆడుతూ అవుటా కాదా అని తగువొచ్చింది. "మీ నాన్న చచ్చిపోయాడంట కదరా, ఇంకా ఆటలేంటి?" అన్నాడొక పిల్లాడు. మావాడు ఏడవలేదు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేయించి ఒకే ముక్క అడిగాడు. "అన్నయ్యా, నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత దాదాపు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఇంటికి తీసుకొచ్చాక కూడా అంతే. అమ్మ ఏ మాట చెప్పినా, చివరికి "పెరుగు అయిపోయింది నాన్నా" అన్నా, లేచివెళ్ళి గిన్నె మూత తీసి చూసుకునేవాడు. నాన్న పోవడం వాడి తప్పూ కాదు, మా తప్పూ కాదు. కాని ఆ గిన్నె మూత తీయించింది మాత్రం మేమే.

అసలు సంగతి ఇంకా తర్వాత బయటపడింది. వినాయకచవితి వెళ్ళాక ఒకరాత్రి పక్కన పడుకుని, గోడవైపు తిరిగి, మెల్లగా చెప్పాడు. "నేను గోడదూకి ఆడుకోడానికి వెళ్ళానుగా. ఆ తర్వాతే నాన్నకి జ్వరం వచ్చింది." అందుకే తనని మావయ్యగారింటికి పంపేశామని, అందుకే నాన్న సంగతి తనకి చెప్పలేదని, నాలుగు నెలలుగా ఆ పసివాడు అనుకుంటూ ఉన్నాడు.

ఈ వ్యాసమంతటికీ మూలం ఆ ఒక్క రాత్రి. మనం నిజం చెప్పకపోతే పిల్లవాడి మనసు ఖాళీగా ఉండదు. తనే ఒక కథ అల్లుకుంటుంది. ఆ కథలో దోషి చాలాసార్లు తనే అవుతాడు.

ఏ వయసుకు ఎంత తెలుస్తుంది?

చావును పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారనే విషయం మీద మారియా నాగీ అనే హంగరీ పరిశోధకురాలు బుడాపెస్టులో మూడు నుంచి పదేళ్ళ పిల్లలతో మాట్లాడి, బొమ్మలు వేయించి, ఆ ఫలితాలను 1948లో ప్రచురించారు. అయిదేళ్ళలోపువాళ్ళకి చావంటే ప్రయాణంలాంటిది, నిద్రలాంటిది. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారనుకుంటారు. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య చావు అనేవాడు ఒక మనిషిలా వచ్చి పట్టుకుపోతాడని ఊహించుకుంటారు. తొమ్మిది దాటాక, అది అందరికీ వచ్చేదని, తిరుగులేనిదని తెలుస్తుంది. తర్వాతి పరిశోధకులు ఈ వయసు హద్దుల్ని కొంత సవరించారు. సాధారణంగా అయిదు, ఏడేళ్ళ మధ్యనే చాలామంది పిల్లలు మూడు విషయాలు గ్రహిస్తారని 1980ల నాటికి తేల్చారు. చనిపోయినవారు తిరిగిరారు, వారి శరీరం ఇక ఏ పనీ చెయ్యదు, బతికున్న ప్రతిదీ ఒకనాడు చనిపోతుంది.

ఈ మూడూ తెలియని పిల్లవాడి ప్రశ్నలు మనకు వింతగా ఉంటాయి. "తాతయ్యకి మట్టిలో ఆకలెయ్యదా?", "నిప్పు పెడితే కాలదా?", "దీపావళికి వస్తాడా?" అని అడుగుతాడు. ఇవి మొండిప్రశ్నలు కావు. శరీరం పనిచేయడం మానేస్తుందనే సంగతి వాడికింకా అందలేదన్నమాట. జవాబు కూడా అక్కడే ఉంది. "చనిపోయినవాళ్ళకి ఆకలి వెయ్యదమ్మా. నొప్పి తెలియదు, చలి తెలియదు. శరీరం పనిచేయడం పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ మొదలవదు." రేపు మళ్ళీ అదే అడుగుతాడు. మళ్ళీ అదే చెప్పాలి. నిన్న చెప్పిందే ఇవాళా చెబుతున్నారా అని చూసుకోవడం కూడా వాడికి ఒక ఆధారం.

ఇక తనవల్లే జరిగిందనుకోవడం సంగతి. చిన్నతనంలో పిల్లలు ప్రపంచానికి తామే కేంద్రమన్నట్టు ఆలోచిస్తారు. కోపంలో "నువ్వు చచ్చిపో" అని నాన్నని మనసులో తిట్టుకున్న పిల్ల, వారం తర్వాత నాన్న నిజంగా పోతే, తన మాటే తగిలిందనుకుంటుంది. అడిగితే చెప్పదు. అంచేత, అడక్కపోయినా మనమే చెప్పాలి. "నువ్వు చేసిన పనివల్లగానీ, అన్న మాటవల్లగానీ, అనుకున్నదానివల్లగానీ ఇది జరగలేదు." మా తమ్ముడికి ఆ రాత్రి నేను చెప్పిందిది: "నాన్న రోజూ మిల్లుకి వెళ్ళేవారు. అక్కడ ముందే నలుగురికి వచ్చింది. నీకు దగ్గుగానీ జ్వరంగానీ రానేలేదు. ఎవరినుంచి ఎవరికి వచ్చినా, కావాలని ఎవరూ ఇవ్వలేదు. అది రోగంరా, నేరం కాదు."

అనకూడని మాటలు

మన వాడుకలో చావుకు మెత్తటి మాటలు ఎన్నో ఉన్నాయి. పెద్దల మధ్య అవి మర్యాదే. పిల్లల దగ్గర మాత్రం ప్రమాదం. పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు.

"నిద్రపోతున్నాడు" అంటే రాత్రి కళ్ళు మూయడానికి భయపడతారు. అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తే తట్టి లేపుతారు. "ఊరెళ్ళాడు" అంటే, నాకు చెప్పకుండా ఎందుకు వెళ్ళాడని అలుగుతారు. ఇంట్లో మరొకరు సంచి సర్దుకుంటే గుండె జారుతుంది. "దేవుడికి మంచివాళ్ళంటే ఇష్టం, అందుకే తీసుకెళ్ళాడు" అంటే, మంచిగా ఉండటమే ప్రమాదమని తేల్చుకుంటారు. "జ్వరం వచ్చి పోయాడు" అని ఊరుకుంటే, తనకు పడిశం పట్టినా పోతాననుకుంటారు. ఇది మామూలు జ్వరం కాదని, చాలా పెద్ద జబ్బని విడమరిచి చెప్పాలి.

మరి నమ్మకాల మాట? దేవుడి దగ్గర ఉన్నాడనో, చుక్కయ్యాడనో ఇంట్లో నమ్మేవాళ్ళు చెప్పుకోవచ్చు. కాని ముందు "చనిపోయాడు" అన్న మాట చెప్పి, ఆ తర్వాతే నమ్మకం చెప్పాలి. వరస తారుమారు చేస్తే పిల్లవాడు డాబామీద చుక్కకేసి చూస్తూ ఎప్పుడు దిగుతాడా అని ఎదురుచూస్తాడు.

చెప్పేవారెవరు అన్నదీ ముఖ్యమే. పిల్లవాడికి బాగా దగ్గరివాళ్ళు చెప్పాలి. కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, నాలుగు చిన్నవాక్యాల్లో చెప్పాలి. వీలైనంత త్వరగా చెప్పాలి. ఊళ్ళో పదిమందికి తెలిసిన సంగతి ఇంట్లో పిల్లవాడికి తెలియకుండా ఉండదు. మనం చెప్పకపోతే క్రికెట్ ఆటలో ఎవడో చెబుతాడు. చెబుతూ మనకు ఏడుపొస్తే ఏడవచ్చు. "నాన్న లేడని బాధగా ఉంది, అందుకే ఏడుస్తున్నాను. నిన్ను మాత్రం చూసుకుంటాను" అంటే చాలు. చిన్నపిల్లల మనసులో పైకి రాని ప్రశ్న ఒకటుంటుంది: ఇక నాకు అన్నం ఎవరు పెడతారు, బడికి ఎవరు దింపుతారు? దానికి జవాబు పేర్లతో సహా చెప్పాలి. అయితే "నేనెప్పటికీ చచ్చిపోను" అని మాత్రం ఒట్టుపెట్టకూడదు. "నేను ఆరోగ్యంగా ఉన్నాను. చాలాకాలం ఉంటాననుకుంటున్నాను. నాకేమైనా అయినా నిన్ను చూసుకోడానికి మావయ్య ఉన్నాడు, అత్తయ్య ఉంది" అనాలి.

కర్మకాండ దగ్గర పిల్లలు ఉండవచ్చునా?

మన ఇళ్ళల్లో ఇది పెద్ద తగువు. ఒకవైపు పిల్లల్ని పక్కింట్లో దాచేస్తారు. మరోవైపు పదేళ్ళ కొడుకు చేత తలకొరివి పెట్టిస్తారు. రెండుచోట్లా వాణ్ణి అడిగేవాళ్ళుండరు, వాడికి ముందుగా చెప్పేవాళ్ళూ ఉండరు.

ఈ రంగంలో పనిచేసినవాళ్ళు చెప్పే పద్ధతి తేలికైనదే. ముందు చెప్పాలి, తర్వాత అడగాలి, పక్కన ఒకరుండాలి. "తాతయ్యని అరుగుమీద పడుకోబెట్టారు. కదలరు, మాట్లాడరు, ముట్టుకుంటే చల్లగా ఉంటారు. చాలామంది గట్టిగా ఏడుస్తూ ఉంటారు. కాసేపయ్యాక తీసుకువెళ్ళిపోతారు. నువ్వు చూస్తావా? చూడకపోయినా ఫర్వాలేదు." వస్తానంటే తీసుకెళ్ళాలి. మధ్యలో వెళ్ళిపోతానంటే తీసుకువచ్చేయడానికి, ఆ దుఃఖంలో మరీ మునిగిపోని బంధువొకరు వాడికోసమే ఉండాలి. రానంటే బలవంతపెట్టకూడదు. ఆడపిల్ల గనుక అవసరం లేదనుకోవడం కూడా అన్యాయం. నాన్న ఆమెకూ నాన్నే.

ఆచారాలు ఊరికే పుట్టలేదు. చిన్నకర్మ, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం, ముస్లిం ఇళ్ళల్లో జనాజా, క్రైస్తవుల సమాధి ప్రార్థన, వీటన్నిటిలోనూ దుఃఖానికి ఒక రోజు, ఒక చోటు, ఒక పని దొరుకుతాయి. పిల్లవాడికి కూడా ఒక చిన్న పని ఇవ్వండి. పువ్వులు అందించమనండి, దీపం వెలిగించమనండి. పిండం దగ్గర పెద్దలు కాకికోసం చూస్తూంటే "కాకి నాన్నా?" అని అడుగుతాడు. "మనవాళ్ళు అలా నమ్ముతారు. నాన్నని తలుచుకునే పద్ధతిరా ఇది" అని చెబితే అర్థం చేసుకుంటాడు.

మావాడికి ఆ అవకాశం దక్కలేదు. మరుసటేడు సంవత్సరీకానికి కాలవగట్టుకి తీసుకెళ్ళి, నాన్న అస్థికలు కలిపిన రేవు చూపించాను. హైదరాబాదు నుంచి నాన్న వచ్చాక చూపిద్దామని దాచుకున్న బొమ్మల్ని వాడే జేబులోంచి తీసి, పడవలు చేసి నీళ్ళలో వదిలాడు. ఎవరూ నేర్పలేదు.

ఏడవని పిల్లలు

"తల్లి పోయిందన్న బాధే లేదు, చూడండి ఎలా గంతులేస్తున్నాడో" అని పరామర్శకు వచ్చినవాళ్ళు అనడం మీరూ వినే ఉంటారు. పెద్దల దుఃఖం ఏరులాంటిది, దిగితే చాలాసేపు కొట్టుకుపోతాం. పిల్లల దుఃఖం వానాకాలం వీధిగుంటల్లాంటిది. ఒక గుంటలో కాలు పెడతారు, వెంటనే బయటికొచ్చి ఆడుకుంటారు, మరికాసేపటికి ఇంకో గుంట. ఎక్కువసేపు భరించే శక్తి వాళ్ళకి లేదు గనుక మనసు తనంతట తనే విరామం తీసుకుంటుంది. ఆట వాళ్ళకి మరుపు కాదు, మందు. బొమ్మకి పాడె కట్టి ఊరేగించే ఆట ఆడినా కొట్టకండి. తమకు అర్థం కానిదాన్ని వాళ్ళు చేతులతో తిప్పి చూసుకుంటున్నారన్నమాట.

దుఃఖం చాలాసార్లు కంట్లోంచి కాక ఒంట్లోంచి బయటికొస్తుంది. కడుపునొప్పి అంటారు. మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవుతుంది. అమ్మ కొంగు వదలరు. బడిలో తోటివాణ్ణి కొడతారు. కొన్నాళ్ళపాటు ఇవి సహజమే. వేళకి అన్నం, వేళకి నిద్ర, వేళకి బడి, ఈ మూడూ నిలబెడితే చాలావరకు సర్దుకుంటాయి. ఇల్లంతా తలకిందులైన పిల్లవాడికి సాయంత్రం అయిదింటికి పాలగ్లాసు రావడం కూడా గొప్ప ధైర్యం.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. దుఃఖానికి అయిదు మెట్లుంటాయని మనం క్లాసుల్లో వల్లెవేస్తాం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదింటినీ చెప్పింది మరణానికి చేరువైన రోగుల గురించి. పిల్లలు ఆ మెట్లు వరసగా ఎక్కరు. ఇవాళ కోపం, రేపు నవ్వు, ఏడాది తర్వాత బడి వార్షికోత్సవంలో బహుమతి అందుకుంటూ హఠాత్తుగా ఏడుపు. పెద్దవుతున్నకొద్దీ ఆ చావును కొత్త వయసుతో కొత్తగా అర్థం చేసుకుంటారు. ఏడేళ్ళప్పుడు చెప్పింది పదమూడేళ్ళప్పుడు మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది.

అమెరికాలో విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ అనే పరిశోధకులు తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 125 మంది బడిపిల్లల్ని, 70 కుటుంబాల్లో, రెండేళ్ళపాటు గమనించారు. ఇందులో మనకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది, హెచ్చరిక ఒకటుంది. ఎక్కువమంది పిల్లలు తట్టుకుని నిలబడ్డారు. సుమారు అయిదోవంతు మందిలో మాత్రం తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి. పిల్లలు ఎలా ఉంటారన్నది, మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా ఉన్నారన్నదాని మీద చాలా ఆధారపడిందని వాళ్ళు తేల్చారు. అంటే పిల్లవాడికి సాయం చేయాలంటే ముందు వాళ్ళమ్మకి ఒక పూట వంట చేసిపెట్టండి, బ్యాంకు పని చేసిపెట్టండి, రాత్రి నిద్రపోనివ్వండి. చాలామంది పిల్లలు పోయినవాళ్ళ వస్తువొకటి దాచుకున్నారని, వారితో మనసులో మాట్లాడుకున్నారని కూడా ఆ పరిశోధనలో తేలింది. మరచిపోవడం మందు కాదు. కాబట్టి ఫొటోలు బీరువాలో దాచెయ్యకండి. మా తమ్ముడి దగ్గర నాన్న చేతివాచీ ఉంది. చేతికి పెద్దది. నడవదు కూడా.

పన్నెండు దాటినవాళ్ళు

వీళ్ళకి చావంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కష్టం వేరేచోట ఉంది. అప్పుడప్పుడే ఇంటినుంచి కాస్త దూరంగా జరిగి తన బతుకు తాను చూసుకుందామనుకునే వయసులో చావు వచ్చి మళ్ళీ ఇంట్లోకి లాగుతుంది. నలుగురిలో వేరుగా కనిపించడం ఇష్టముండదు, అందుచేత కాలేజీలో ఎవరికీ చెప్పరు. ఏడుపు బదులు కోపం, విసుగు, గది తలుపు వేసుకోవడం కనిపిస్తాయి. కొందరు బండి వేగంగా నడుపుతారు, మత్తు వైపు చూస్తారు.

అన్నిటికన్నా మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒక్క వాక్యంలో ఉంది. "ఇకనించి ఇంటికి మగదిక్కు నువ్వేరా, అమ్మని ఏడవనివ్వకు." ఆడపిల్ల అయితే "నువ్వే తమ్ముడికి అమ్మవి." పధ్నాలుగేళ్ళ భుజాల మీద ఇంత బరువు పెడితే వాళ్ళ ఏడుపు ఎక్కడ ఏడవాలి? ఈ మాట నాకూ చెప్పారు, నాన్న పోయిన రోజునే. నేను రెండేళ్ళపాటు ఏడవలేదు. అది ధైర్యం కాదని ఇప్పుడు తెలుస్తోంది. పని చెప్పండి, పదవి కట్టబెట్టకండి. "శనివారం రేషన్ తెచ్చిపెట్టు" అనడం వేరు, "ఇల్లు నీదే" అనడం వేరు.

ఈ వయసువాళ్ళతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే మాటలు రావు. కలిసి నడుస్తున్నప్పుడు, బండిమీద వెళుతున్నప్పుడు, గిన్నెలు సర్దుతున్నప్పుడు వస్తాయి. వచ్చినప్పుడు సలహా ఇవ్వకుండా వినాలి.

ఊరంతా ఏడ్చినప్పుడు

ఇంతవరకు ఒక ఇంట్లో ఒక చావు గురించి చెప్పుకున్నాం. ఊరికి ఊరే పోయినప్పుడు ఓదార్చేవాళ్ళు కూడా మిగలరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సముద్రం ఊళ్ళమీద పడి, ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేలమంది పోయారు. 2004 డిసెంబరు 26న సునామీలో తమిళనాడులోని నాగపట్నం జిల్లాలోనే ఆరువేలమందికి పైగా పోయారు. ఇలాంటి చోట్ల పిల్లలు పోగొట్టుకునేది అమ్మనో నాన్ననో మాత్రమే కాదు. ఇల్లు, బడి, పక్కింటి స్నేహితుడు, అన్నీ ఒక్కసారే.

రెండో ప్రపంచయుద్ధకాలంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఆనా ఫ్రాయిడ్, డరొతీ బర్లింగం అక్కడి పిల్లల శరణాలయాలు నడిపారు. వాళ్ళు గమనించింది మనకు గుర్తుండాలి. తల్లి పక్కన ఉండి నిబ్బరంగా ఉంటే పిల్లలు బాంబుల్ని కూడా తట్టుకున్నారు. క్షేమం కోసమని తల్లినుంచి విడదీసి దూరప్రాంతాలకు పంపితే మాత్రం ఎక్కువ దెబ్బతిన్నారు. అంచేత విపత్తు వచ్చినప్పుడు మొదటి సూత్రం: పిల్లల్ని మిగిలిన తమవాళ్ళతోనే ఉంచాలి. అన్నదమ్ముల్ని చెరోచోటికి పంచకూడదు. సునామీ తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు టీచర్లకు, స్థానిక కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, ఆటలు, బొమ్మలు, కథలద్వారా పిల్లలచేత మనసు విప్పించే పద్ధతిని అనుసరించారు. తెలిసిన మొహం, తెలిసిన భాష ఉంటేనే పిల్లవాడు నోరు విప్పుతాడు.

మనం విద్యార్థులం గనుక సహాయ శిబిరాలకు వాలంటీర్లుగా వెళతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిని సారాంశం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఎవరికి ఏ అవసరం ఉందో చూడు, చెప్పింది విను, సాయం దొరికేచోటితో కలుపు. "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని పిల్లల్ని గుచ్చిగుచ్చి అడగటం సాయం కాదు. ఏడుస్తున్న పిల్లతో ఫొటో దిగడం అంతకన్నా కాదు. వీలైనంత తొందరగా చెట్టుకిందైనా సరే బడి మొదలుపెట్టడం, చుట్టూ తిరిగే టీవీ దృశ్యాలను కట్టెయ్యడం మేలు.

తరగతిలో ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు

తండ్రి పోయిన పిల్ల బడికి తిరిగొచ్చిన రోజున క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం ఆమెకు వెలిలా అనిపిస్తుంది. టీచరు ముందురోజే పిల్లలకి సంగతి చెప్పి, ఎలా పలకరించాలో నేర్పాలి. "మీ నాన్నగారి సంగతి తెలిసింది. బాధగా ఉంది. నా పక్కన కూర్చో" అంటే చాలు. "నాన్న పేరు, నాన్న వృత్తి" అడిగే ఫారాలు ఇచ్చేటప్పుడు, ఫాదర్స్ డే కార్డులు చేయించేటప్పుడు కాస్త చూసుకోవాలి.

తోటి విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే మరింత జాగ్రత్త కావాలి. ఎలా చేసుకున్నాడో వివరాలు వాట్సాప్‌లో తిప్పకూడదు. పిరికివాడని నిందించకూడదు, వీరుడని కీర్తించకూడదు. ఫలానా మార్కులవల్లే, ఫలానా అమ్మాయివల్లే అని ఒకే కారణం అంటగట్టకూడదు. అతని రూమ్మేటును, ఆఖరిసారి ఫోన్ ఎత్తలేకపోయిన స్నేహితుణ్ణి ఒంటరిగా వదలకూడదు.

పక్కగదిలో మిత్రుడికి ఇంటినుంచి కబురొస్తే మీరేం చేయాలి? రైలో బస్సో ఎక్కించి ఊరుకోకండి, వీలైతే వెంట వెళ్ళండి. తిరిగొచ్చాక నోట్సు ఇవ్వండి. మూడో నెలలో అడగండి, "ఎలా ఉన్నార్రా అమ్మ?" అని. పరామర్శలన్నీ పదకొండో రోజుతో అయిపోతాయి. దుఃఖం అక్కడినుంచే మొదలవుతుంది.

ఎప్పుడు డాక్టరుసాయం కోరాలి?

నెలలు గడిచినా బడికి వెళ్ళకపోవడం, ఆటలూ స్నేహితులూ పూర్తిగా వదిలెయ్యడం, తిండీ నిద్రా చెడి చిక్కిపోవడం, అంతా నావల్లే అన్న ఆలోచన ఎంత చెప్పినా పోకపోవడం, ఇవి కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవాలి. "నేనూ నాన్న దగ్గరికి పోతాను" అన్న మాట వినిపిస్తే నెలలు ఆగకూడదు, ఆ రోజే కదలాలి. అలా అంటున్నావేమిటని నెమ్మదిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. వాణ్ణి ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దిక్కులేని పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయవచ్చు. ఈ రెండు నంబర్లూ మీ గది తలుపు మీద రాసిపెట్టుకోండి.

మిత్రులారా, మా అమ్మమ్మని నేను తప్పుపట్టడం లేదు. ఆవిడ ప్రేమతోనే చెప్పకండర్రా అంది. నేనూ ప్రేమతోనే అబద్ధమాడాను. కాని ఆలోచించి చూస్తే, ఆ అబద్ధం తమ్ముణ్ణి కాపాడటానికి కాదు. చెప్పేటప్పుడు వాడి మొహం చూసే ధైర్యం నాకు లేక ఆడింది. పిల్లలు నిజాన్ని భరించలేరని మనం అంటాం. భరించలేనివాళ్ళం మనం.

మా తమ్ముడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికెళితే పక్కింట్లో తాతగారు పోయారు. ఆయన మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, మా అరుగుమీద కూర్చుని "తాత ఎక్కడికెళ్ళాడు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మావాడు ఆ పిల్ల పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. తాత చనిపోయాడు. చనిపోవడం అంటే ఏంటో చెప్పనా?"